వాల్తేరులో అద్దెగది

విశాఖపట్నం చరిత్ర అనగానే మనవాళ్ళందరూ ఒకే వరసలో చెప్పుకుపోతారు. కంపెనీ దొరల కోట, పోర్టు, షిప్‌యార్డు, యూనివర్సిటీ, స్టీల్ ప్లాంటు, చివర్లో రుషికొండ మీద మన ఐటీ కొండలు. ఇదంతా ఊరికి ఏమేం వచ్చాయన్న లెక్క. వాటి కోసం వచ్చినవాళ్ళు రాత్రిపూట ఎక్కడ పడుకున్నారో మాత్రం ఎవరూ రాయరు. నాలుగేళ్ళ ఇంజినీరింగులో మూడు గదులు మారినవాణ్ణి కనక నాకు ఈ ఊరు ఆ వైపు నుంచే అర్థమైంది. పోర్టు గురించీ స్టీలు గురించీ రాయడానికి బోలెడుమంది పెద్దలున్నారు, నేను గదుల గురించి రాస్తాను.

మన ఉత్తరాంధ్ర సాహిత్యంలో పరాయి పంచన బతికిన బ్రహ్మచారి ఎవరంటే గిరీశమే. 1892లో మొదట ప్రదర్శించిన కన్యాశుల్కంలో విజయనగరంలో పూటకూళ్ళమ్మ ఇంట్లో మకాం వేసి, సంతలో సామాన్లు తెస్తానని ఆవిడ దగ్గర డబ్బులు పట్టుకెళ్ళి వేరేచోట ఖర్చుపెట్టేస్తాడు. "బ్యాచిలర్స్‌కి ఇవ్వమండీ" అనే ఓనర్లందరికీ ఆయనే మొదటి సాక్ష్యం అనుకుంటా :)

నవ్వులాటకి అన్నా, పూటకూళ్ళ ఇల్లు చిన్న విషయం కాదు. హోటళ్ళూ హాస్టళ్ళూ లేని రోజుల్లో కోర్టు పనిమీద పట్నం వచ్చినవాడికీ, చదువుకోడానికి వచ్చిన కుర్రాడికీ అదే దిక్కు. చాలాచోట్ల భర్త పోయిన ఆడవాళ్ళు దాన్ని నడిపారు. టంగుటూరి ప్రకాశం పంతులు గారి తల్లి ఒంగోల్లో అలా నడిపే పిల్లల్ని పెంచింది. ఆ డబ్బులు కూడా లేని కుర్రాళ్ళు వారాలు చేసుకునేవారు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో భోజనం. మన తాతల కథల్లో ఇది ఎంతో కరుణగా వినిపిస్తుంది, కరుణే కూడా. కాకపోతే ఆ అరుగు ఎక్కి, ఆ పీట మీద కూర్చోగలిగిన కులంలో పుట్టినవాడికే ఆ కరుణ. మిగతావాళ్ళు పట్నంలో చదువుకోవాలంటే ముందు పడుకోడానికి చోటు వెతుక్కోవాలి, అది దొరక్క చదువు మానేసినవాళ్ళ ఆత్మకథలు మనకి లేవు. ఈ సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

విశాఖలో పాత చదువుల పేట అంటే ఇప్పటి వన్‌టౌనూ, దాన్ని ఆనుకున్న మెరకా. ఈస్టిండియా కంపెనీ 17వ శతాబ్దం చివర్లో అక్కడ ఫ్యాక్టరీ పెట్టింది. ఫ్యాక్టరీ అంటే పొగగొట్టం కాదు, సరుకు కొని దాచి ఓడెక్కించే గిడ్డంగి. దాని చుట్టూ కట్టిన కోట ఇప్పుడు లేదు, కోటవీధి అన్న పేరు మిగిలింది. సెయింట్ అలోషియస్ స్కూలు 1847లో వచ్చింది. తర్వాత ఏవీఎన్ కాలేజీ అయిన బడి 1860లో మొదలైంది. సి.వి. రామన్ తండ్రి ఈ కాలేజీలో లెక్చరర్‌గా చేరడానికి తమిళదేశం నుంచి వచ్చారు, అందుకే రామన్ బాల్యం ఇక్కడ గడిచింది. అలోషియస్‌లో చదివి పదకొండేళ్ళకే మెట్రిక్ పాసయ్యాడు. 1935లో శ్రీశ్రీ ఇదే ఏవీఎన్‌లో డిమాన్‌స్ట్రేటర్‌గా పనిచేశాడు. ఆ వీధుల్లో పెంకుటిళ్ళు ఉమ్మడి కుటుంబం కోసం కట్టినవి. అన్నదమ్ములు విడిపోయాక మధ్యలో ఒక గోడ లేస్తుంది, వంటగది రెండవుతుంది, పెరట్లో నుయ్యి మాత్రం ఉమ్మడి. "పోర్షన్" అన్న మాట మనకి అలా పుట్టిందే. ఆ పోర్షన్ల గోడలు ఎంత పల్చగా ఉంటాయంటే, పక్కవాళ్ళు ఏం కూర వండుకున్నారో వాసన చూడక్కర్లేదు, తిరగమోత చప్పుడుని బట్టి చెప్పొచ్చు.

అన్నట్టు, డచ్చివాళ్ళు కూడా మన పొరుగునే అద్దెకున్నారు. అద్దె అంటే అతిశయోక్తి కాదు, యూరప్ కంపెనీలన్నీ మొదట్లో ఇక్కడి నవాబుల అనుమతి పట్టుకుని, చేతులు తడిపి చోటు సంపాదించినవే. విశాఖకి పాతిక ముప్పై కిలోమీటర్ల దూరంలో భీమిలిలో వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి, 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ళకి అప్పజెప్పి వెళ్ళిపోయారు. మచిలీపట్నంలో వలందపాలెం అంటే హాలండు వాళ్ళ పాలెమే. అప్పట్లో వాళ్ళకి మనవాళ్ళు ఒక పేట ఇచ్చి దానికి వాళ్ళ పేరే పెట్టుకున్నారు. చూశారా, డబ్బున్న పరదేశికి ఇల్లు దొరకడం ఎప్పుడూ కష్టం కాదు.

20వ శతాబ్దంలో చదువు కొండెక్కింది. వైజాగ్‌వాళ్ళకి ఎత్తుపల్లాలు ఇంగ్లీషులోనే ఉంటాయి: కేజీహెచ్ డౌన్, కలెక్టరాఫీసు డౌన్, ఏవీఎన్ కాలేజీ డౌన్. ఆ డౌన్‌ల పైన, గాలి తగిలే మెరక మీద, దొరలు ముందే బంగళాలు కట్టుకున్నారు. 1923లో అక్కడే కింగ్ జార్జి ఆసుపత్రీ, దానితో పాటే ఇప్పటి ఆంధ్రా మెడికల్ కాలేజీ మొదలయ్యాయి. దాంతో మహారాణిపేట మెడికోల పేట అయింది. 1926లో బెజవాడలో పుట్టిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, ఏ ఊళ్ళో ఉండాలన్న తగువు తేలాక 1930లో వాల్తేరు వచ్చింది. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఏడాదికి లక్ష రూపాయలు చొప్పున ఇచ్చారు, సైన్సు కాలేజీకి ఆయన పేరే ఉంది. సి.ఆర్. రెడ్డి గారి గురించీ రాధాకృష్ణన్ గారి గురించీ అందరికీ తెలుసు కనక వదిలేస్తున్నా.

నాకు ఆసక్తి ఉన్నది యూనివర్సిటీ గోడకి అవతలివైపు. పెదవాల్తేరు, చినవాల్తేరు, మద్దిలపాలెం, శివాజీపాలెం, రేసపువానిపాలెం... ఈ పేర్లు చూడండి, అన్నీ ఊళ్ళూ పాలేలే. ఎంవీపీ కాలనీ అని స్టైలుగా అంటాం కదా, అది మువ్వలవానిపాలెం. హాస్టల్లో సీట్లు ఎప్పుడూ చాలవు. సీటు రానివాడు గోడ దాటి ఈ పాలేల్లోకి వచ్చి గది అడిగాడు. పొలం, పశువులు, తోట ఉన్న మనిషికి అప్పుడు తెలిసింది, పశువుల పాక కన్నా కుర్రాళ్ళ పాక ఎక్కువ పాలిస్తుందని. నా రెండో గది అలాంటిదే. మూడు గోడలు పాతవి, ఒకటి కొత్తది, పైన సిమెంటు రేకు, గోడలో ఒకప్పుడు గాటిపలుపు కట్టిన ఇనపకొక్కెం. దానికి నా టవలు తగిలించుకునేవాణ్ణి.

ఈ కథలో ఒక్కసారి అంతా తలకిందులైంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ రేవు మీద బాంబులేశాయి. జనం మూటాముల్లే సర్దుకుని పల్లెలకి పోయారు. యూనివర్సిటీ గుంటూరు వెళ్ళిపోయింది, యుద్ధం అయ్యాకే వెనక్కొచ్చింది. టులెట్ బోర్డు పెట్టినా చూసే నాథుడు లేని రోజులు అవే అయ్యుండాలి.

సరిగ్గా ఆ యుద్ధం రోజుల్లోనే మన అద్దె చట్టం కూడా పుట్టింది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి, ఎందుకంటే ఇందులో మన వృత్తివాళ్ళకి నచ్చే ముక్క ఒకటుంది. మద్రాసు ప్రభుత్వం 1941లో యుద్ధకాలపు ఉత్తర్వుగా అద్దెల మీద అదుపు పెట్టింది. అది 1946లో చట్టమైంది, 1949లో ఇంకోటి వచ్చింది. రాష్ట్రం ఏర్పడ్డాక 1960లో ఆంధ్రప్రదేశ్ తన సొంత చట్టం చేసుకుంది. న్యాయమైన అద్దె ఎంతో తేల్చమని ఎవరైనా రెంట్ కంట్రోలర్ దగ్గరికి వెళితే ఆయన చూడాల్సిన వాటిలో ఒకటి ఏమిటో తెలుసా? 1944 ఏప్రిల్ 5కి ముందు పన్నెండు నెలల్లో ఆ పేటలో అలాంటి ఇంటికి ఎంత అద్దె నడిచిందీ అని! 1960లో రాసిన కోడులో 1944 విలువ హార్డ్‌కోడ్ చేసి పెట్టారన్నమాట. విశాఖకి సంబంధించినంత వరకూ ఆ తేదీ బాంబులు పడ్డ రెండేళ్ళకి ఒక్కరోజు తక్కువ. ఎవరూ కావాలని చెయ్యలేదు, మద్రాసు చట్టం నుంచి కాపీ పేస్టు. లెగసీ కోడు ముట్టుకోడానికి భయపడేది మనమొక్కళ్ళమే కాదు.

ఆ చట్టంలో ఇంకా విచిత్రాలున్నాయి. ఇల్లు ఖాళీ అయితే ఓనరు సర్కారుకి కబురు చెయ్యాలి, కావాలంటే సర్కారు తన ఉద్యోగికి ఆ ఇల్లు ఇప్పించుకోవచ్చు. న్యాయమైన అద్దె తేలాక ఒక నెల అద్దెకి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. ఇప్పుడు బెంగుళూరులో పది నెలల అడ్వాన్సు కట్టినవాళ్ళు ఈ వాక్యాన్ని ఇంకోసారి చదువుకోండి. కొత్త ఇళ్ళకి ఆ చట్టం ఇచ్చిన శాశ్వత మినహాయింపుని 1983లో సుప్రీం కోర్టు కొట్టేసింది. 26-8-1957 తర్వాత కట్టారన్న ఒక్క కారణానికి ఎన్నాళ్ళైనా మినహాయించడం కుదరదంది. ఆ ఏడాది చివర్లోనే ప్రభుత్వం నెలకి వెయ్యి రూపాయలు దాటిన అద్దెలని చట్టం నుంచి తప్పించింది. 2005 సవరణలో కార్పొరేషన్లలో ఆ గీత 3,500 అయింది. అంటే మన ఐటీ జీతగాళ్ళు అద్దెకున్న ఇళ్ళలో చాలావాటికి ఆ చట్టం వర్తించనే లేదు. వాళ్ళకి దిక్కు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, పదిహేను రోజుల నోటీసు. అగ్రిమెంటు పదకొండు నెలలకే ఎందుకు రాస్తారని చాలామంది అడుగుతారు. ఏడాదికి మించిన లీజు రిజిస్టరు చెయ్యాలని 1908 రిజిస్ట్రేషన్ చట్టం అంటుంది కాబట్టి, అంతే. 2017లో రాష్ట్రం కొత్త చట్టం చేసింది, 2021లో కేంద్రం నమూనా చట్టం తెచ్చింది. టులెట్ బోర్డు కింద నిలబడి మాట్లాడుకునే ఇద్దరికీ వాటి గురించి తెలిసినట్టు నాకైతే ఎప్పుడూ కనపడలేదు.

విశాఖకి వచ్చిన పెద్ద ఉద్యోగాలన్నిటికీ ఒక పోలిక ఉంది, వాటితో పాటు ఇల్లొచ్చింది. రైల్వే క్వార్టర్లు, పోర్టు క్వార్టర్లు, సింధియా షిప్‌యార్డు కాలనీ, 1957లో కాల్‌టెక్స్ రిఫైనరీ, 1966లో బీహెచ్‌పీవీ, చివరికి ఉక్కునగరం. కాబట్టి ఈ ఊళ్ళో అద్దెగది అంటే ఉద్యోగానికి ముందుండే స్టేజీ. గదిలో చదివి, క్వార్టర్లో పెళ్ళిచేసుకుని, రిటైరయ్యాక సీతమ్మధారలోనో గాజువాకలోనో ఇల్లు కట్టి, పైపోర్షన్ ఇంకో కుర్రాడికి అద్దెకివ్వడం. ఒక తరం మొత్తం జీవితం ఈ చక్రమే. ఆ స్టీలు ఫ్యాక్టరీ రావడంలో గదుల్లో ఉన్న కుర్రాళ్ళ పాత్ర చిన్నది కాదు. 1966 అక్టోబర్ 15న అమృతరావు గారు దీక్షకి కూర్చున్నాక యూనివర్సిటీ, కాలేజీల విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. నవంబర్ 1న విశాఖలో కాల్పులు జరిగాయి. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించారు, 1971 జనవరి 20న శంకుస్థాపన, 1992లో జాతికి అంకితం. ఫ్యాక్టరీ కోసం 64 ఊళ్ళు లేచిపోయాయంటారు. తాతల నాటి సొంతిల్లు ఖాళీ చేసి, పునరావాస కాలనీలో రేకుల షెడ్డు వేసుకుని, అందులో ఒక గది మళ్ళీ కాంట్రాక్టు కూలీకి అద్దెకిచ్చినవాళ్ళు అక్కడ ఉన్నారు.

ఇక మన సంగతి. ఉద్యోగానికి ఇల్లివ్వని మొదటి పెద్ద పరిశ్రమ మనదే. క్వార్టర్ బదులు హెచ్ఆర్ఏ అని జీతంలో ఒక లైను ఇచ్చింది. అందుకే ప్రతి జనవరిలో ఆఫీసంతా రెవెన్యూ స్టాంపుల కోసం వెతుక్కోవడం, ఏడాదికి లక్ష దాటితే ఓనరు పాన్ నంబరు అడగడం, "పాన్ ఇస్తే అద్దె పెంచాలి బాబూ" అని ఆయన అనడం. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్ళకి ఈ తమాషా తప్పిపోయింది.

నేను మొదటి గది కోసం పెదవాల్తేరులో తిరిగింది తొంభైల చివర్లో. మేం ఇద్దరం కలిసి వెతికాం. వాడిది శ్రీకాకుళం జిల్లా, నాకన్నా మంచి ర్యాంకు, నాకన్నా మంచి చొక్కా కూడా. ఒక ఇంట్లో మామ్మగారు మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. గది చూపించారు. మోటారు ఎన్నింటికి వేస్తారో, గేటు ఎన్నింటికి మూస్తారో చెప్పారు. అద్దె కుదిరింది. అప్పుడు అడిగారు, "నాన్నా, మీరేవిట్లు?" అని. నేను చెప్పాను. వాడు కూడా చెప్పాడు, దాచలేదు. మామ్మగారి మొహంలో కోపం లేదు, నిజం చెప్పాలంటే బాధే ఉంది. "మా మేనల్లుడు వస్తానన్నాడు నాన్నా, మర్చేపోయాను" అన్నారు. ఆ సాయంత్రం మూడిళ్ళలో ముగ్గురు మేనల్లుళ్ళు వచ్చారు. నాలుగో ఇంటి దగ్గర వాడు లోపలికి రాలేదు, "నువ్వెళ్ళి మాట్లాడు, నేను టీ తాగుతా" అన్నాడు. వాడికి తర్వాత హాస్టల్లో దొరికింది. నాకు పశువుల కొక్కెం దొరికింది.

ఇది పల్లెటూరి చాదస్తం అనుకునేవాళ్ళ కోసం ఒక మాట. సుఖదేవ్ థోరాట్, మరికొందరు కలిసి ఢిల్లీ చుట్టుపక్కల అద్దె ఇళ్ళ కోసం ఫోన్లు చేసి, నేరుగా వెళ్ళి చూసి, 2015లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాశారు. దళితులకీ, అంతకన్నా ఎక్కువగా ముస్లింలకీ ఇళ్ళు నిరాకరిస్తున్నారని తేలింది. రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలు, హోటళ్ళ పేరెత్తింది గానీ మామ్మగారి మేడమీద గది పేరెత్తలేదు. 2005లో సుప్రీం కోర్టు ఒక పార్సీ హౌసింగ్ సొసైటీ తనవాళ్ళకే సభ్యత్వం ఇచ్చుకోవచ్చంది. అద్దె ఎంత ఉండాలో చెప్పడానికి 1944 దాకా వెనక్కెళ్ళిన మన చట్టం, ఎవరికి ఇవ్వననకూడదో ఒక్క ముక్క చెప్పలేదు. ఓనరు ఇల్లు ఓనరు ఇష్టం అనే వాదన నాకు తెలుసు. నా ఇల్లు నాకిష్టమైనవాడికి ఇస్తాననడం సబబే, ఒక వీధి వీధంతా ఒకేలా ఇష్టపడితే మాత్రం అది ఇష్టం కాదు, గోడ.

ప్రాజెక్టు మీద నెదర్లాండ్స్‌లో ఉన్నప్పుడు లైడెన్‌లో చదివే ఒక తెలుగు కుర్రాడు అక్కడి పద్ధతి చెప్పాడు. ఊరి నడిబొడ్డున కాలవ పక్కన పాత ఇళ్ళు, యూనివర్సిటీ 1575 నాటిది. గది ఖాళీ అయితే ఆ ఇంట్లో ఉండే విద్యార్థులే ఒక సాయంత్రం అభ్యర్థులందర్నీ పిలిచి, కబుర్లు చెప్పి, తమకి నచ్చినవాణ్ణి ఎంచుకుంటారు. వీడు చాలా సాయంత్రాలు వెళ్ళాడు. డచ్చి భాష రానివాడు రావద్దని ముందే రాసేవాళ్ళూ ఉన్నారట. అంటే వాళ్ళకీ మేనల్లుళ్ళున్నారు. తేడా ఏంటంటే, అక్కడ గది వైశాల్యానికి, వంటింటికి, ఇలా ఒక్కోదానికి పాయింట్లు వేసి గరిష్ఠ అద్దె తేలుస్తారు, ఎక్కువ గుంజితే అద్దెల కమిషన్‌కి వెళ్ళొచ్చు. జాతిని బట్టి ఇల్లు నిరాకరించడం నేరుగా చట్టవిరుద్ధం. 2023 జులై నుంచి ఓనర్లు అద్దెదారుని ఏ ప్రాతిపదికన ఎంచుకుంటారో స్పష్టంగా చెప్పాలని కూడా పెట్టారు. దాంతో అన్నీ బాగుపడ్డాయని కాదు, కనీసం వాడు వెళ్ళి ఫిర్యాదు చెయ్యడానికి ఒక తలుపు ఉంది.

ఇప్పుడు వాల్తేరు పాలేల్లో గేదెలు లేవు. పీజీలొచ్చాయి, మంచానికి ఇంత అని. ఎంవీపీలో కొన్ని మంచి ఇళ్ళకి తాళాలు, పిల్లలు డల్లాస్‌లో, తల్లిదండ్రులు ఆర్నెల్లు ఇక్కడ, ఆర్నెల్లు అక్కడ. 2023లో ఇన్ఫోసిస్ రుషికొండ మీద ఆఫీసు తెరిచాక అద్దెల వేట మధురవాడ వైపు జరిగింది. "ఓన్లీ ఫ్యామిలీస్", "ప్యూర్ వెజ్" అని ఫోన్లోనే ఫిల్టర్లు, మజ్జిగ ఇచ్చే మామ్మగారి అవసరం లేదు.

మా శ్రీకాకుళం వాడు ఇప్పుడు హైదరాబాదులో ఆర్కిటెక్ట్, మధురవాడలో ఒక ఫ్లాటు కొని అద్దెకిచ్చాడు. మొన్న ఫోన్లో చెప్పాడు. కొత్తగా దిగినవాళ్ళ గురించి అపార్ట్‌మెంటు అసోసియేషన్ పెద్దాయన ఫోన్ చేసి, "ఏవండీ, మీ టెనెంట్లు ఏవిట్లు?" అని అడిగాట్ట.

"తెలీదండీ, నేను అడగలేదు" అన్నాట్ట వీడు.

"పర్లేదులెండి, మేం కనుక్కుంటాం" అన్నాట్ట ఆయన.